ఎండలో నిలిపిన కారులో ఉబ్బిన పవర్ బ్యాంక్, మూత పడని లాప్‌టాప్: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న:

నమస్తే అండీ. మాది మహబూబాబాద్ జిల్లా. మే మొదటి ఆదివారం మా అమ్మాయిని నీట్ రాయించడానికి ఖమ్మం తీసుకెళ్లాను. పదకొండింటికి చేరాం. కారు స్కూలు కాంపౌండ్ గోడ వారగా పెట్టాను, అప్పటికి అక్కడ కాస్త నీడ ఉంది. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి అమ్మాయి తన ఫోన్‌ని డ్యాష్‌బోర్డ్ అరలో పెట్టింది. పవర్ బ్యాంక్ డ్యాష్‌బోర్డ్ మీదే ఉండిపోయింది. నా ఆఫీస్ లాప్‌టాప్ బ్యాగు వెనక సీట్లో ఉంది. నేను, మా ఆవిడ బయట చెట్టు కింద కూర్చున్నాం. ఐదున్నరకి వచ్చి కారు తలుపు తీస్తే సెగ ముఖానికి కొట్టింది. ఫోన్ మీద వేడి ఎక్కువైందని మెసేజ్. అమ్మాయి వెంటనే కారు చార్జర్‌కి పెట్టింది గానీ చార్జింగ్ ఎక్కలేదు. పవర్ బ్యాంక్ పూరీలా ఉబ్బింది. లాప్‌టాప్ ఆన్ అవుతోంది, కానీ టచ్‌ప్యాడ్ నొక్కితే క్లిక్ అవడం లేదు, మూత పూర్తిగా పడటం లేదు. ముందు అద్దానికి బిగించిన కెమెరా, అదే డ్యాష్‌క్యామ్, రికార్డు చేయడం మానేసింది. ఫోన్ పనిచేస్తోంది గానీ మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది.

ఊళ్లో మొబైల్ షాపు కుర్రాడు పవర్ బ్యాంక్‌ని పిన్నుతో పొడిస్తే గ్యాస్ పోయి మామూలవుతుంది అన్నాడు. ఇంకొకరు ఫోన్‌ని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. మా బావమరిది ‘అద్దం ఒక అంగుళం దించి ఉంటే ఏమీ అయ్యేది కాదు’ అని ఇప్పటికీ అంటున్నాడు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే వేడికి పాడైతే వారంటీ రాదన్నారు. లాప్‌టాప్ ఆఫీసుది, అందులో కస్టమర్ల వివరాలున్నాయి. అమ్మాయి ఫోన్‌లో నోట్స్, ఫొటోలు అన్నీ ఉన్నాయి. ఏం చేయమంటారు? తప్పంతా నాదేనా?

సమాధానం:

మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు పవర్ బ్యాంక్. దాన్ని పిన్నుతో పొడవకండి, ఎవరినీ పొడవనివ్వకండి. ఆ సలహా చదవగానే నాకు నిజంగా భయమేసింది. ఎందుకంటే అలా పొడిచేవాళ్లు ఉన్నారు. ఒకసారి ఏమీ కాకపోతే అదే ధైర్యంతో మళ్లీ పొడుస్తారు.

లోపల ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. అందులో ఎలక్ట్రోలైట్ అనే ద్రవం ఉంటుంది. వేడికి అది విడిపోయి గ్యాస్ పుట్టింది, ఆ గ్యాస్‌కి బయటికి పోయే దారి లేక కవర్ ఉబ్బింది. కవర్ లోపల పాజిటివ్, నెగటివ్ పొరలు ఒకదాని మీద ఒకటి దగ్గరదగ్గరగా చుట్టి ఉంటాయి. రెంటికీ మధ్య అడ్డు ఒక సన్నటి ప్లాస్టిక్ పొర మాత్రమే. పిన్ను దిగితే ఆ పొర చిరిగి రెండూ తగులుకుంటాయి, అంటే లోపలే షార్ట్ అయినట్టు. ఆ ద్రవానికి మండే గుణం ఉంది, పుట్టిన గ్యాస్‌లోనూ మండేవి ఉంటాయి. అది మీ చేతిలో ఉండగానే అంటుకోవచ్చు. అరచేత్తో అదిమి చదును చేయడం, పైన పుస్తకాలు పెట్టి నొక్కడం కూడా ఇలాంటి పనే.

ఈరోజే ఇలా చేయండి. దానికి కేబుల్ ఏదైనా ఉంటే తీసేయండి. ‘పనిచేస్తుందో లేదో చూద్దాం’ అని ఒక్కసారి కూడా చార్జింగ్ పెట్టొద్దు. పాత ఇనుప డబ్బానో మట్టికుండో తీసుకుని అడుగున పొడి ఇసుక పోసి, దాన్ని అందులో పెట్టి, పైన మళ్లీ ఇసుక కప్పండి. మూత బిగించొద్దు. ఇంటి బయట నీడలో, గ్యాస్ సిలిండర్‌కీ బండ్లకీ దూరంగా, పిల్లలకి అందని చోట ఉంచండి. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంలాంటి తియ్యటి వాసన వస్తే కవర్ ఎక్కడో చిల్లు పడి లీకవుతోందని అర్థం, అప్పుడు అసలు కదపకండి. పొగ వస్తే దగ్గరికి వెళ్లకుండా అందరినీ దూరం పంపి 101కి ఫోన్ చేయండి.

ఆ తర్వాత వీలైనంత త్వరలో, ఎండ ఎక్కకముందే, ఆ డబ్బాతో సహా దాన్ని అమ్మిన కంపెనీ సర్వీస్ సెంటర్‌కో ఈ-వేస్ట్ తీసుకునే చోటికో సొంత బండిలో తీసుకెళ్లి ఇచ్చేయండి. ముందే ఫోన్ చేసి ఉబ్బిన బ్యాటరీ అని చెబితే వాళ్లూ సిద్ధంగా ఉంటారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారుచేసిన కంపెనీలదే, కాబట్టి అడగడానికి మొహమాటపడక్కర్లేదు. బస్సులో, రైల్లో పట్టుకెళ్లొద్దు. చెత్తబండిలో అయితే అసలే వేయొద్దు. ఆ బండిలో చెత్తని యంత్రంతో నొక్కుతారు, మీ ఇంట్లో తప్పిన మంట పారిశుద్ధ్య కార్మికుల చేతుల్లో లేస్తుంది.

ఇక లాప్‌టాప్. ‘ఆన్ అవుతోంది’ అని రాశారు గానీ, మీరు చెప్పిన రెండు లక్షణాలూ కలిపి చూస్తే అది కూడా ఉబ్బినట్టే. చాలా మోడళ్లలో బ్యాటరీ సరిగ్గా టచ్‌ప్యాడ్ కింద, అరచేతులు ఆనించే చోట ఉంటుంది. అది ఉబ్బితే కింది నుంచి టచ్‌ప్యాడ్‌ని పైకి తోస్తుంది. క్లిక్ అవడానికి కావలసిన ఆ కాస్త ఖాళీ పోతుంది కాబట్టి నొక్కినా క్లిక్ రాదు. మూత పడకపోవడానికి కారణమూ అదే, కీబోర్డ్ భాగం మధ్యలో గూనిలా లేచి ఉంటుంది. ఖాయం చేసుకోవాలంటే ఆఫ్ చేసి, చదునైన బల్ల మీద పెట్టి, రెండు మూలల మీద మెల్లగా వేలు ఆనించి చూడండి. ఒక మూల లేస్తూ ఊగుతోందా? కింది కవరుకీ పైభాగానికీ మధ్య ఉండే సందు చుట్టూ గోరు జరిపి చూడండి. ఒకచోట గోరు దూరి, ఇంకోచోట దూరకపోతే కవర్ విచ్చుకుంటున్నట్టే. మంచి లాప్‌టాప్‌లో ఆ సందు చుట్టూరా ఒకేలా ఉంటుంది.

అలా ఉంటే ఇక ఆన్ చేయకండి, చార్జర్ పెట్టకండి, మూతని బలవంతంగా మూయకండి. ‘మరి డేటా?’ అన్నదే మీ బెంగ అని తెలుసు. డేటా బ్యాటరీలో ఉండదు, ఎస్‌ఎస్‌డీ అనే వేరే చిప్‌లో ఉంటుంది. బ్యాటరీ ఉబ్బినంత మాత్రాన దానికేమీ కాదు. తెలిసిన టెక్నీషియన్ ముందు బ్యాటరీ విప్పి పక్కన పెడతాడు. చాలా లాప్‌టాప్‌లు ఆ తర్వాత బ్యాటరీ లేకుండా అడాప్టర్ మీదే నడుస్తాయి. నడవకపోతే చాలా మోడళ్లలో ఎస్‌ఎస్‌డీని బయటికి తీసి చదవచ్చు. కాబట్టి బ్యాకప్ కోసమని ఉబ్బిన బ్యాటరీతో గంటలకొద్దీ నడపాల్సిన పనిలేదు.

అయితే అది ఆఫీస్ లాప్‌టాప్, అందులో కస్టమర్ల వివరాలున్నాయి. ఊళ్లో షాపులో విప్పించకండి. రేపు పొద్దున్నే మీ ఆఫీసు ఐటీ వాళ్లకి ఈమెయిల్ పెట్టండి. బ్యాటరీ ఉబ్బింది, టచ్‌ప్యాడ్ పైకి లేచింది, వాడటం ఆపేశాను, ఎక్కడ అప్పగించాలో చెప్పండి అని నాలుగు ముక్కలు రాసి రెండు ఫొటోలు జతచేస్తే చాలు. ఎండలో కారులో ఉంచిన సంగతి దాచొద్దు. చాలామంది భయపడి ఈ మాట చెప్పరు. చెప్పకపోతే అవతల టెక్నీషియన్ మామూలు రిపేర్ అనుకుని స్క్రూడ్రైవర్ బ్యాటరీ కింద దూర్చి ఎత్తుతాడు, అతనికి ప్రమాదం. పైగా అన్ని లాప్‌టాప్ బ్యాటరీలూ ఒక మధ్యాహ్నం ఎండకే ఇలా ఉబ్బవు. రెండు మూడేళ్లుగా రాత్రీపగలూ చార్జర్‌లోనే ఉన్న బ్యాటరీ అయితే అప్పటికే బలహీనపడి ఉంటుంది, వేడి దాన్ని గట్టు దాటించింది అంతే. అందుకని మొత్తం భారం మీ నెత్తిన వేసుకోనక్కర్లేదు.

ఒక్కటి గుర్తు చేసుకోండి. ఆరోజు లాప్‌టాప్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేశారా, మూత మూసి బ్యాగులో పెట్టేశారా? మూత మూస్తే చాలావరకు స్లీప్‌లోకి వెళ్తుంది, ఆఫ్ అవదు. మధ్యలో ఏదో అప్‌డేట్ కోసం తనంతట తానే లేచిందంటే, గాలి ఆడని బ్యాగులో, అంత వేడి కారులో, తన వేడి కూడా తనే మోయాలి. ప్రయాణంలో ఎప్పుడూ షట్‌డౌన్ చేసి మాత్రమే బ్యాగులో పెట్టండి. ఇది ఎండాకాలానికే కాదు, ఏ కాలంలోనైనా.

అమ్మాయి ఫోన్ విషయంలో కంగారు లేదు. వేడి మెసేజ్ రావడం, చార్జింగ్ ఎక్కకపోవడం రెండూ ఫోన్ పాడైన గుర్తులు కావు. తనని తాను కాపాడుకోవడానికి ఫోన్ చేసిన పనులవి. వేడెక్కిన బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించడం దానికి చేయగల పెద్ద హాని కాబట్టే ఫోన్ ఒప్పుకోలేదు. ఐఫోన్ గురించి ఆపిల్ చెప్పే లెక్క చూడండి: వాడేటప్పుడు చుట్టూ ఉండే వేడి 35 డిగ్రీలు మించకూడదు, ఆఫ్ చేసి ఉంచినా 45 మించకూడదు. ఎండలో నిలిపిన కారులో వదలొద్దని వాళ్లే రాస్తారు. మిగతా కంపెనీల ఫోన్ల హద్దులూ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. మన మే నెల మధ్యాహ్నం చెట్టు నీడలో కూర్చున్నా 35 దాటుతుంది, ఇక మూసిన కారులో సంగతి చెప్పేదేముంది.

చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతోందంటే బ్యాటరీ కెపాసిటీలో కొంత శాశ్వతంగా పోయిందన్నమాట, అది తిరిగి రాదు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూపించే మోడల్ అయితే ఆ అంకె చూడండి. 80 శాతం కన్నా తగ్గితే కొత్త బ్యాటరీ వేయించుకోవడం మేలు, ఫోన్ మార్చక్కర్లేదు. దానికన్నా ముందు, ఈ రాత్రే ఫొటోలూ నోట్సూ అన్నీ వేరేచోట కాపీ చేసి పెట్టమనండి. ఫోన్‌ని టేబుల్ అంచున కంటికి ఎదురుగా పట్టుకుని పక్కనుంచి చూడండి. స్క్రీన్ గానీ వెనక ప్యానెల్ గానీ ఒక వైపు లేచినట్టుంటే, ఆ సందులోంచి వెలుతురు కనిపిస్తుంటే, ఇదీ ఉబ్బిందే, దీనికీ లాప్‌టాప్ నియమాలే వర్తిస్తాయి. లేవకపోయినా ఒక జాగ్రత్త: నీళ్లు లోపలికి పోకుండా ఫోన్ చుట్టూ వేసే జిగురు వేడికి మెత్తబడుతుంది. వాటర్‌ప్రూఫ్ అని అమ్మిన ఫోన్ అయినా ఇకమీదట నీళ్ల దగ్గర నమ్మొద్దు. స్క్రీన్ మీద నల్లటి మచ్చలాంటిది కనిపించి చల్లారాక పోయి ఉంటే దాని గురించి ఆలోచించకండి. ఎల్‌సీడీలోని ద్రవ స్ఫటికాలు మరీ వేడెక్కితే అలా నల్లబడి, చల్లారాక మామూలవుతాయి.

ఫ్రిజ్ సలహా కూడా మానేయండి. వేడిగా ఉన్న వస్తువుని ఒక్కసారిగా చల్లటి చోట పెట్టి బయటికి తీస్తే గాలిలోని తేమ దాని లోపలా బయటా నీటి బిందువులుగా పడుతుంది. సీసాకి బయట పట్టే చెమ్మ ఫోన్ లోపలి బోర్డు మీద పట్టిందనుకోండి, వేడికి బతికిన ఫోన్ తడికి పోతుంది. విజయవాడ, విశాఖ వైపు గాలిలో ఉక్క ఎక్కువ కాబట్టి అక్కడ ఇది మరీ త్వరగా జరుగుతుంది. చేయాల్సింది చాలా తేలిక. కవర్ తీసేసి, ఆఫ్ చేసి, నీడలో ఫ్యాను కింద అరగంట ఉంచాలి. అంత వేడిగా ఉన్నప్పుడు కారు ఏసీ గాలి నేరుగా తగిలేలా పెట్టొద్దు. చేతికి మామూలుగా అనిపించాకే ఆన్ చేయాలి, ఆ తర్వాతే చార్జింగ్.

మీ బావమరిది గారి అంగుళం అద్దం సంగతి. ఇది ఎవరో ఒకరు ప్రతి ఎండాకాలం చెప్పే మాట, కొలిచి చూసినవాళ్లు మాత్రం వేరే చెబుతున్నారు. 2005లో అమెరికాలో పిల్లల వైద్యుల పత్రిక ‘పీడియాట్రిక్స్’లో వచ్చిన అధ్యయనంలో, బయట 22 నుంచి 36 డిగ్రీల మధ్య ఉన్న రోజుల్లో నిలిపిన కారు లోపల వేడి గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం ఒకటిన్నర అంగుళం దించి చూసినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎందుకంటే వేడి లోపల పుడుతోంది. ఎండ అద్దంలోంచి లోపలికి వస్తుంది, డ్యాష్‌బోర్డ్, సీట్లు దాన్ని పీల్చుకుని కాలిపోతాయి, అవి గాలిని వేడెక్కిస్తాయి. ఆ వేడి గాలి బయటికి పోవడానికి పైన చిన్న సందు చాలదు.

ఆ అధ్యయనం ఫోన్ల కోసం చేసింది కాదు, కార్లలో వదిలేసిన పసిపిల్లలు చనిపోతున్నారని చేసింది. అందుకే మీ బావమరిది గారికి ఈ ముక్క తప్పకుండా చెప్పండి. అద్దం కాస్త దించితే చాలు అనే నమ్మకంతో ఎవరైనా నిద్రపోతున్న బిడ్డనో ముసలివాళ్లనో ‘ఐదు నిమిషాల్లో వచ్చేస్తా’ అని కారులో ఉంచితే ఏమవుతుందో ఆలోచించండి. పిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా చాలా వేగంగా వేడెక్కుతుంది. కారు ఆపాక వెనక సీటు చూడకుండా తలుపు వేయొద్దు, ఏ ఒక్కరోజూ.

డ్యాష్‌బోర్డ్ ఎంత కాలుతుందో 2018లో వచ్చిన ఆరిజోనా అధ్యయనం చూపించింది. అక్కడి టెంపీ నగరంలో, మన మే నెలలా 38 డిగ్రీలు దాటిన రోజుల్లో, ఎండలో గంటసేపు నిలిపిన కార్లలో గాలి సగటున 47 డిగ్రీలకి, స్టీరింగ్ 53కి, డ్యాష్‌బోర్డ్ 69కి చేరింది. నీడలో పెట్టిన కార్లలో గాలి 38, డ్యాష్‌బోర్డ్ 48. మీ కారు గంట కాదు, ఆరున్నర గంటలు ఉంది. ఒకే కారులో ఒకే సమయం ఉన్నా మీ పవర్ బ్యాంక్‌కి పట్టిన గతి ఫోన్‌కి పట్టకపోవడానికి కారణం ఇదే. ఒకటి డ్యాష్‌బోర్డ్ మీద ఎండలో ఉంది, రెండోది అరలో ఉంది.

ఇంకో కారణం మీరు ఊహించి ఉండరు. పరీక్ష రోజు కదా అని ముందు రాత్రి అన్నీ ఫుల్ చార్జ్ చేసి ఉంటారు. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ వేడికి ఎక్కువ దెబ్బతింటుంది. బ్యాటరీల వాళ్లు తరచూ చెప్పే లెక్క ఇది: 40 శాతం చార్జ్‌తో 25 డిగ్రీల దగ్గర ఏడాది ఉంచితే 96 శాతం కెపాసిటీ మిగులుతుంది, 40 డిగ్రీల దగ్గరైతే 85. అదే నిండా చార్జ్ చేసి 40 డిగ్రీల దగ్గర ఏడాది ఉంచితే మిగిలేది 65 శాతం. నిండుగా ఉండి 60 డిగ్రీల్లో ఉంటే మూడు నెలలకే 60 శాతానికి పడిపోతుంది. ఒక్క మధ్యాహ్నానికి ఇంత నష్టం జరగదు. కానీ ఫోన్‌ని మౌంట్‌లో అద్దానికి అంటించి, మ్యాప్ నడుపుతూ, చార్జింగ్ పెడుతూ ఎండాకాలమంతా తిరిగే క్యాబ్ డ్రైవర్లకి, డెలివరీ చేసేవాళ్లకి ఏడాది తిరక్కుండానే బ్యాటరీ ఎందుకు పోతుందో ఈ అంకెల్లో ఉంది. వాళ్లకి నేను చెప్పేది ఒకటే, మౌంట్‌ని అద్దం మీద నుంచి తీసి ఏసీ గాలి వచ్చే దగ్గరికి మార్చండి. ఎండ నేరుగా పడకపోవడమే సగం మేలు.

ఇక మీ గోడ నీడ. మీరు పదకొండుకి నీడ చూసి పెట్టానన్నారు, నిజమే. కానీ ఖమ్మం, హైదరాబాద్ ఉన్న అక్షాంశాల్లో మే మొదటి పది రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో నిలువు కర్రకి కూడా నీడ పడని మధ్యాహ్నం వస్తుంది. నీట్ జరిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పన్నెండుకల్లా గోడ నీడ గోడ కిందకే పోతుంది. ఆ తర్వాత సూర్యుడు పడమరకి వాలతాడు, నీడ తూర్పుకి జరుగుతుంది. కాబట్టి మధ్యాహ్నమంతా కారు ఉంచాలంటే చెట్టుకో బిల్డింగ్‌కో తూర్పు వైపు పెట్టాలి. పెట్టేటప్పుడు అక్కడ ఎండ ఉన్నా ఫర్వాలేదు, ఒంటిగంట తర్వాత నీడ మీ కారు మీదకే వస్తుంది. కారు వెనక భాగం పడమర వైపు ఉండేలా నిలిపితే సాయంత్రపు ఎండ ముందు అద్దంలోంచి డ్యాష్‌బోర్డ్ మీద పడదు. ముందు అద్దానికి వెండిరంగు సన్‌షేడ్ పెడితే ఇంకా నయం. అది డ్యాష్‌బోర్డ్‌ని అంతగా కాలనివ్వదు. నల్ల ఫిల్మ్ అంటించాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు కనబడాలన్నది మోటారు వాహనాల నిబంధన. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్మ్‌ల మీద గట్టిగా చెప్పాక పోలీసులు చలానా రాస్తూనే ఉన్నారు.

ఎంత నీడలో పెట్టినా నియమం మాత్రం మార్చొద్దు: బ్యాటరీ ఉన్న ప్రతిదీ మీతో పాటే కారు దిగాలి. ఫోన్, పవర్ బ్యాంక్, లాప్‌టాప్, ఇయర్‌బడ్స్, కెమెరా, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వినికిడి మిషను, షుగర్ చెక్ చేసే మిషను. షుగర్ మిషను స్ట్రిప్పులని సాధారణంగా 30 డిగ్రీల లోపే ఉంచమని డబ్బా మీద రాసి ఉంటుంది. కారులో ఉడికిన స్ట్రిప్పు తప్పు రీడింగ్ చూపిస్తే దాన్ని నమ్మి ఇన్సులిన్ వేసుకునేవాళ్ల పరిస్థితి ఏమిటి? ఫోన్ పోతే డబ్బే పోతుంది, ఇక్కడ ప్రాణంతో పని. ఫాస్టాగ్ గురించి బెంగ అక్కర్లేదు, అందులో బ్యాటరీ లేదు.

‘అన్నీ మోసుకుని చెట్టు కింద ఎలా కూర్చుంటాం’ అంటారా, మీ ఇబ్బంది నాకు అర్థమైంది. పరీక్షలకి లోపల ఫోన్ వద్దంటారు, బయట పెట్టడానికి చోటు చూపించరు. వందల కుటుంబాలు నడినెత్తిన ఎండలో కారులోనో బండి డిక్కీలోనో సామాన్లు వదిలేసి కూర్చుంటాయి. పరీక్ష కేంద్రం దగ్గర ఒక షామియానా, నాలుగు బల్లలు, టోకెన్ ఇచ్చే ఇద్దరు మనుషులు ఉంటే తీరిపోయే సమస్య ఇది. తిరుమలలో రోజూ వేలమంది భక్తుల ఫోన్లూ లగేజీ ఉచితంగా తీసుకుని టోకెన్ ఇచ్చి తిరిగి అప్పగించే కౌంటర్లు ఉన్నాయి కదా. ఏడాదికోసారి జరిగే పరీక్షకి అలాంటిది ఎందుకు పెట్టలేరో నాకు అర్థం కాదు. ఇది అడగాల్సిన విషయం, తల్లిదండ్రులు కలిసి అడగండి.

అది వచ్చేదాకా మీ చేతుల్లో ఉన్నది చేయండి. పరీక్ష రోజు పిల్ల ఫోన్ ఇంట్లోనే ఉంచండి, మీ ఫోన్ ఒకటి చాలు. ఆదివారం ఆఫీస్ లాప్‌టాప్ తప్పనిసరి కాకపోతే తీసుకెళ్లొద్దు. తీసుకెళ్తే అది మీ ఒళ్లో, చెట్టు కిందే ఉండాలి. కచ్చితంగా కారులోనే వదలాల్సి వస్తే, సగం చార్జ్‌తో, పూర్తిగా ఆఫ్ చేసి, తెల్లటి టవల్‌లో చుట్టి ముందు సీటు కింద నేల మీద పెట్టండి. కారులో అన్నిటికన్నా తక్కువ కాలేది అక్కడే, పైగా ఎవరి కంటా పడదు. పిల్లల టిఫిన్ క్యారియర్ పెట్టుకునే, లోపల వెండిరంగు పొర ఉన్న బ్యాగు ఉంటే అందులో పెట్టండి, వేడెక్కడం కాస్త ఆలస్యమవుతుంది. గంటా గంటన్నర వరకు అది ఆదుకుంటుంది, ఆరుగంటలకి కాదు. అందులో ఐస్ మాత్రం వేయొద్దు, మళ్లీ తేమ సమస్యే. స్కూటీ సీటు కింద డిక్కీ అయితే కారు కన్నా అన్యాయం, కింద నుంచి ఇంజిన్ వేడి కూడా తోడవుతుంది.

వారంటీ గురించి సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పింది చాలావరకు నిజమే. తాము చెప్పిన హద్దు దాటిన వేడిలో ఉంచితే వర్తించదని కంపెనీల షరతుల్లో ఉంటుంది. అయినా నోటిమాటతో వెనక్కి రాకండి. ఏ కారణంతో కాదంటున్నారో కాగితం మీద రాసివ్వమనండి. డబ్బులిచ్చి బ్యాటరీ మార్పించుకోవడానికి ఎంతవుతుందో కూడా అందులోనే రాయించుకోండి. రాసివ్వకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అమ్మాయి ఫోన్ బ్యాటరీని అదే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మార్పించండి. బయట ‘ఒరిజినల్’ అని పెట్టే సగం ధర బ్యాటరీ వచ్చే ఎండాకాలానికి ఇదే కథ తెస్తుంది.

తప్పంతా నాదేనా అని అడిగారు. ఆ రోజు మీ మనసంతా లోపల పరీక్ష రాస్తున్న బిడ్డ మీద ఉంది. అలాంటప్పుడు పవర్ బ్యాంక్ ఎక్కడుందని ఎవరికి గుర్తుంటుంది? పోయినవి వస్తువులే, అవి కారులో మీరున్నప్పుడు అంటుకోలేదు, అదే పదివేలు. ఆఫీసులో ఎవరైనా కోప్పడితే, ఉబ్బిందని గమనించి వాడటం ఆపి, వెంటనే చెప్పినవాళ్లు మీరేనని గుర్తు చేయండి.

ఇక మిగిలింది డ్యాష్‌క్యామ్. దానికి అద్దం మీద తప్ప చోటు లేదు, కారు దిగేటప్పుడు రోజూ ఊడదీయడమూ కుదరదు. ముందు లోపలి మెమరీ కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టి చూడండి, చాలాసార్లు పోయేది కార్డే. ఫుటేజీ కాపీ చేసుకుని, హై ఎండ్యూరెన్స్ రకం కొత్త కార్డు వేయండి. డ్యాష్‌క్యామ్ కోసమే చేసే ఆ కార్డుల్లో 85 డిగ్రీల దాకా తట్టుకునేవి ఉన్నాయి. అప్పటికీ పనిచేయకపోతే లోపలి బ్యాటరీ పోయి ఉండొచ్చు. కొత్తది కొనేటప్పుడు అందులో లిథియం బ్యాటరీ ఉందా, దాని బదులు కాస్త కరెంటు దాచుకునే సూపర్ కెపాసిటర్ అనే భాగం ఉందా అని అడగండి. మన ఎండలకి రెండోదే సరైనది. కొత్త పవర్ బ్యాంక్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని దగ్గర ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు లేనిదాన్ని ఎంత తక్కువకి ఇచ్చినా కొనకండి. అమ్మాయి ఫలితం వచ్చాక ఒక ముక్క రాయండి.